బీచ్ దగ్గర టెరనోడాన్ శిల్పం: రెక్క నిలవాలంటే ఏం చేయాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. విశాఖలో బీచ్‌రోడ్డుకు దగ్గర్లో ఉన్న స్కూలు ఆవరణలో, రెక్కలు చాచి ఎగురుతున్న టెరనోడాన్ అనే ప్రాచీన ఎగిరే సరీసృపం బొమ్మ పెట్టాలి. కొస నుంచి కొసకు సుమారు 3 మీటర్లు, నేల నుంచి రెండున్నర మీటర్ల ఎత్తు. సిమెంటా, ఫైబరా? లోపల ఏ ఇనుము? స్తంభం ఎంత లావు? పక్కన బోర్డు మీద ఏం రాయాలి?

ఫైబరే చేయండి, అంటే గాజు నారను రెజిన్ అనే జిగురుతో గట్టిపరిచేది. లోపల ఉప్పుగాలికి ఓర్చే 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు, కింద 4 అంగుళాల పైపు. కారణాలు చెప్పే ముందు ఒక మాట. ఈ జంతువు ఒంటి కట్టుబడిని ఉన్నదున్నట్టు పాటిస్తే లోపలి ఫ్రేము డిజైను సగం దానంతటదే కుదిరిపోతుంది. గబ్బిలం రెక్కలో డేగ కాళ్ళో తగిలిస్తే చూడ్డానికీ తప్పే, గాలికీ ఆగదు.

టెరనోడాన్ ఒక టెరోసార్. టెరోసార్లు డైనోసార్లు కావు, పక్షులూ కావు. డైనోసార్లకు దగ్గరి చుట్టాలైన వేరే సరీసృపాలు. టెరనోడాన్ దాదాపు 8.5 కోట్ల ఏళ్ళ కిందట ఇప్పటి అమెరికాలోని కాన్సస్ ప్రాంతాన్ని కప్పిన సముద్రం మీద తిరిగేది. 1876లో అమెరికన్ శిలాజ శాస్త్రవేత్త మార్ష్ ఆ పేరు పెట్టాడు. పెద్ద మగవాటి రెక్కల వెడల్పు 6 మీటర్లు దాటేది, ఆడవి అందులో ఇంచుమించు సగం పైచిలుకు. కాబట్టి మీ 3 మీటర్ల బొమ్మ ఆడదైతే నిజమైన సైజుకు దగ్గర. కాకపోతే ఆడదానికి తలమీద కొమ్ములాంటి ఆ పెద్ద శిఖ ఉండదు, చిన్నదిగా గుండ్రంగా ఉంటుంది. పిల్లలకు శిఖే కావాలి కనుక మగదాన్ని సగం సైజులో చేస్తున్నామని ఇప్పుడే అనుకోండి. శిఖ పొడవు అప్పుడు తేలిపోతుంది.

ఇక రెక్క. దాని ముందంచులో సగానికి పైగా నాలుగో వేలు ఒక్కటే. అది మిగతా చెయ్యి మొత్తం కంటే పొడవు పెరిగి కొస దాకా పోతుంది. పొర ఆ వేలి నుంచి వెనక్కి వచ్చి కాలికి అంటుకుంటుంది. కాలి మీద ఎక్కడిదాకా అన్న దానిపై శాస్త్రవేత్తల్లో ఇంకా వాదన ఉంది. చీలమండ దగ్గరకు తేవడం ఎక్కువమంది అంగీకరించే పద్ధతి. పొర మధ్యలో గొడుగు ఊచల్లాంటి ఎముకలు ఏమీ లేవు. అవి గబ్బిలానివి. మన ఊళ్ళలో కనిపించే బొమ్మల్లో నూటికి తొంభై ఇక్కడే తప్పుతాయి.

దీన్నే ఇంజనీరు కంటితో చూడండి. ముందంచున ఒక బలమైన దూలం, వెనక కాలి దగ్గర రెండో ఆధారం, రెండిటి మధ్య బిగిసిన పొర. ఇదొక త్రిభుజం. మోచేతి ముందు మెడ వైపుకు ఇంకో చిన్న పొర ఉంటుంది. మణికట్టు నుంచి భుజం వైపు చూసే సన్నని టెరాయిడ్ ఎముక దాన్ని పట్టుకుంటుంది. ఆ చిన్న పొర మీ ఫ్రేములో మోచేతి వంపును బిగించే గసెట్ (మూలకు వేసే ముక్కోణపు ముక్క) పని చేస్తుంది. చాలామంది దాన్ని చిన్న వివరం కదా అని వదిలేస్తారు. వదిలేస్తే మోచేతి వెల్డు ఒంటరిగా బరువు మోయాల్సి వస్తుంది.

కొలతలు ఇలా పెట్టుకోండి, శిల్పానికి వీలుగా గుండ్రం చేసినవి. భుజం నుంచి మోచేయి 13 సెం.మీ., మోచేయి నుంచి మణికట్టు 18, అరచేతి ఎముక 28, తర్వాత రెక్క వేలి నాలుగు కణుపులు వరసగా 30, 25, 18, 11. మొత్తం 143. మోచేయి, మణికట్టు కొంచెం వంగి ఉంటాయి కాబట్టి ఆ మేర తగ్గినా, మొండెం వెడల్పు కలిపితే కొస నుంచి కొసకు 2.9 మీటర్ల దాకా వస్తుంది. తల శిఖతో సహా 60 సెం.మీ., మొండెం అందులో సగమే. ఈ నిష్పత్తి చూసి చేసేవాళ్ళు కంగారుపడి మొండెం పెంచేస్తారు. పెంచకండి, ఆ జంతువు అలాగే ఉండేది. ముక్కులో పళ్ళు ఉండవు. పై దవడ కింది దవడ కంటే కాస్త పొడవు. తోక పొట్టిది. పొడవాటి తోక, దాని చివర ఆకులాంటి పొర ఉన్నది రాంఫోరింకస్. అది వేరే కాలానిది, వేరే జాతిది. అరచేతి ఎముక చివర, అంటే రెక్క మధ్యలో, గోళ్ళున్న మూడు చిన్న వేళ్ళు తప్పక పెట్టండి. రెక్క వేలికి మాత్రం గోరు లేదు.

కాళ్ళతో చేపను ఎత్తుకుపోతున్నట్టు చేయకండి. ఆ పాదాలకు పట్టే శక్తి లేదు. చేప కావాలంటే ముక్కులో పెట్టండి. టెరనోడాన్ శిలాజాలతో చేప ఎముకలు దొరికాయి కూడా. ఫిషింగ్ హార్బర్ ఊరు కదా అని వంజరం పెట్టమనేవాళ్ళు తప్పకుండా ఉంటారు. ఆ కాలపు చేపే కావాలంటే, అదే సముద్రంలో ఉన్న, కోరపళ్ళ ఎంకోడస్ చేయండి.

గాలి లెక్క

విశాఖకు కట్టడాల మీది బరువుల భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ఇచ్చే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కి.మీ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు ఊరు చూసింది ఆ స్థాయి గాలినే. ఒత్తిడికి సూత్రం 0.6 × వేగం × వేగం. అంటే చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, దాదాపు 150 కిలోలు. మీ బొమ్మ రెక్కల వైశాల్యం సుమారు 0.9 చ.మీ. పలకలాంటి ఆకారానికి 1.3 గుణకం వేసుకుంటే 175 కిలోల తోపు. గాలి కింద నుంచి పట్టినా ఇంచుమించు అంతే, కాకపోతే పైకి లాగుతుంది.

రెండున్నర మీటర్ల ఎత్తున 175 కిలోలంటే స్తంభం మొదట్లో 440 కిలోగ్రామ్-మీటర్ల వంచే బలం (తోపు × ఎత్తు). 3 అంగుళాల మీడియం పైపులో దీనికి ఒత్తిడి దాదాపు 200 మెగాపాస్కల్స్‌కు చేరుతుంది, మామూలు ఇనుము హద్దుకు మరీ దగ్గర. అదే 4 అంగుళాల మీడియం పైపులో, బయటి వ్యాసం 114.3, మందం 4.5 మి.మీ., 110 చుట్టుపక్కల ఆగుతుంది. తేడా ఒక అంగుళమే, కాని మూడంగుళాలది కొనకండి.

పునాది 1.2 × 1.2 × 0.6 మీటర్ల కాంక్రీటు దిమ్మ, దాదాపు 2 టన్నులు. 1 మీటరు చదరం సరిపోతుందని మేస్త్రీలు అంటారు. దిమ్మ బరువొక్కటే చూస్తే అది నిలుస్తుంది కాని, బీచ్ పక్క ఇసుక నేలలో ఆ కొద్ది అదనం ఉండటం మంచిది. బోల్టులు ఎం20 (20 మి.మీ. లావు), నాలుగు, కాంక్రీటు పోసేటప్పుడే నిలబెట్టండి. తర్వాత డ్రిల్లు వేసి, జిగురుతో బోల్టు నిలిపే కెమికల్ యాంకరు పెట్టడం ఇక్కడ వద్దు. దిమ్మలో కమ్మీలకు 50 మి.మీ. కవరు (పైన కప్పే కాంక్రీటు మందం) ఇవ్వండి. ఈ లెక్కలు అంచనా కోసమే. పిల్లలు తిరిగే చోటు కాబట్టి కోడ్‌లోని మిగతా గుణకాలన్నీ వేసి ఒక స్ట్రక్చరల్ ఇంజనీరుతో సంతకం పెట్టించాకే పని మొదలుపెట్టండి.

సిమెంటు ఎందుకు వద్దన్నానంటే, ఇనుప జాలీ మీద సిమెంటు పూసే ఫెర్రోసిమెంటు రెక్క కనీసం 25 మి.మీ. ఉంటేనే లోపలి జాలీకి కాస్త కవరు దొరుకుతుంది. ఆ మందంలో రెక్కలొక్కటే 55 కిలోలు దాటుతాయి. పైగా సన్నని అంచులో సన్నని పగులు వస్తుంది, అందులోంచి సముద్రపు ఉప్పు జాలీని చేరుతుంది, తుప్పు ఉబ్బి అంచు పెచ్చులూడుతుంది. ఫైబరైతే ఫ్రేముతో కలిపి బొమ్మ మొత్తం 30–35 కిలోలే. ఎగిరే భంగిమ కాకుండా నాలుగు కాళ్ళ మీద రెక్కలు మడిచి నిలబడినట్టు చేసేపనైతే సిమెంటూ బాగానే ఉంటుంది. టెరోసార్లు నేలమీద అలాగే నాలుగు కాళ్ళతో నడిచేవి. నన్నడిగితే పిల్లలు ఎక్కి ఆడే చోట ఆ భంగిమే మేలు. మీరు ఎగిరేదే కావాలన్నారు కాబట్టి దాని గురించే చెప్తున్నాను.

ఫ్రేము

రెక్క దూలం భుజం దగ్గర లావుగా, కొసకు సన్నబడాలి. భుజం నుంచి మణికట్టు దాకా ఒకటిన్నర అంగుళం, షెడ్యూల్ 10 (పైపు గోడ మందం రకం) స్టెయిన్‌లెస్ పైపు. అరచేతి ఎముకకు ఒక అంగుళం, మొదటి కణుపుకు ముప్పావు, రెండో కణుపుకు అర అంగుళం, చివరి రెండు కణుపులకు 12 మి.మీ. రాడ్డు. మొదట్నుంచి చివరిదాకా ఒకే అంగుళం పైపు వేస్తే పని తేలిక అనిపిస్తుంది. కాని భుజం దగ్గర అది చాలదు, కొస దగ్గర మరీ మొద్దుగా కనిపిస్తుంది. ప్రతి అతుకుకూ 5 మి.మీ. గసెట్ ముక్క వేసి ఆర్గాన్ వెల్డింగు చేయించండి. ఆటోనగర్‌లో ఈ పని తెలిసినవాళ్ళు దొరుకుతారు. 316ఎల్ ఫిల్లరు (వెల్డింగు తీగ) వాడమని ముందే చెప్పండి, లేకపోతే చేతిలో ఏది ఉంటే అది వేస్తారు.

వెనక అంచుకు 6 మి.మీ. స్టెయిన్‌లెస్ రాడ్డు. రెక్క కొస నుంచి చీలమండ దాకా, లోపలికి వంగిన మెత్తని వంపులో. ఇది లేకపోతే అంచు గాలికి వణుకుతుంది. ఆ వణుకు పోయి పోయి భుజం దగ్గర ఫైబర్‌ను చిట్లిస్తుంది. పగులు ఒకచోట, కారణం ఇంకోచోట కాబట్టి ఎన్నిసార్లు పుట్టీ పెట్టినా మళ్ళీ వస్తుంది. కాళ్ళకు అర అంగుళం పైపు వేసి మొండెం లోపలి పలకకు గట్టిగా వెల్డు చేయాలి. రెక్క బరువులో కొంత అవి మోస్తాయి, అలంకారం కోసం పెట్టినవి కావు.

మొండెం లోపల 10 మి.మీ. పలకతో ఒక పెట్టెలాంటి కేంద్రం. రెక్కలను భుజం దగ్గర ఫ్లాంజితో (బోల్టు బెజ్జాలున్న పలక), వైపుకు నాలుగు ఎం12 స్టెయిన్‌లెస్ బోల్టులతో బిగించండి. వెనక అంచు రాడ్డు చీలమండ దగ్గర ఇంకో చిన్న బోల్టుతో. విడదీయగలిగితేనే 3 మీటర్ల బొమ్మ వ్యానులో ఎక్కుతుంది. స్టెయిన్‌లెస్ బోల్టు స్టెయిన్‌లెస్ నట్టులో పట్టేసి ఇక ఎప్పటికీ రాకుండా పోతుంది కాబట్టి యాంటీసీజ్ గ్రీజు రాయకుండా ఒక్కటీ బిగించకండి.

స్తంభం గాల్వనైజు చేసిన మామూలు ఇనుమైనా ఫరవాలేదు. కాని వెల్డింగు, బెజ్జాలు అన్నీ అయ్యాకే హాట్‌డిప్ చేయించాలి, అంటే కరిగిన జింకులో ముంచాలి. దాని ఫ్లాంజికీ స్టెయిన్‌లెస్ కేంద్రానికీ మధ్య 3 మి.మీ. నైలాన్ పలక, బోల్టులకు నైలాన్ బుష్‌లు వేయండి. ఉప్పు తడిలో రెండు లోహాలు నేరుగా తాకితే జింకు ముందు పోతుంది, తర్వాత ఇనుము. స్తంభానికి ఎర్తింగు ఇవ్వడం మర్చిపోకండి.

పొర

రెక్కలకు మోల్డు అక్కర్లేదు, నేరుగా ఫ్రేము మీదే చేయాలి. గంజి లేని, బాగా ఉతికిన నూలు పంచె తీసుకుని ముందంచు పైపుకు చుట్టి, వెనక రాడ్డు దాకా లాగి కుట్టండి. గుడ్డ బిగిసినప్పుడు దానంతటదే పొరకు ఉండాల్సిన వంపు తీసుకుంటుంది. చేత్తో మలిచి ఆ వంపు తేవడం చాలా కష్టం. గుడ్డలో తేమ ఉంటే రెజిన్ గట్టిపడదు. విశాఖ గాలిలో గుడ్డ ఎండలో వేసినా మెత్తగానే ఉంటుంది, కాబట్టి హాలోజెన్ దీపం కింద వెచ్చబెట్టి వెంటనే రెజిన్ పట్టించండి. వాన పట్టిన రోజు ఈ పని పెట్టుకోకండి.

గుడ్డ గట్టిపడ్డాక పైన రెండు, కింద రెండు పొరలు చదరపు మీటరుకు 450 గ్రాముల చాప్డ్ మ్యాట్ (తరిగిన గాజు నారల చాప). అరచేతి దాకా ముందంచు చుట్టూ అదనంగా ఇంకొకటి. ఒక్కో పొర సుమారు 1 మి.మీ. మందం ఇస్తుంది. వెనక అంచు 6 మి.మీ. కంటే సన్నబడనివ్వకండి, గుండ్రంగా ముగించండి. పిల్లల నుదుటి ఎత్తున కాకపోయినా నిచ్చెనెక్కి కడిగేవాడి చేతికి తగులుతుంది. పొరలో ముందు నుంచి వెనక్కి సన్నని నారలు ఉండేవని శిలాజాలు చూపిస్తాయి. చివరి పొర తడిగా ఉన్నప్పుడు రోవింగు (గాజు నార) పోగులు 2 సెం.మీ. ఎడంతో పరిస్తే ఆ గీతలు వస్తాయి. చాలా లేతగా కనిపించాలి, పక్కటెముకల్లా తేలితే మళ్ళీ గబ్బిలమే.

తల, మొండెం మాత్రం మన విగ్రహాల పద్ధతిలోనే. బంకమట్టితో మోడలు, పీఓపీ మోల్డు, అందులో ఫైబరు. మట్టి కోసం ఎర్రమట్టి దిబ్బల వైపు చూడకండి. అది రక్షిత స్థలం, పైగా అది ఇసుక, ముద్దకు రాదు. వినాయక విగ్రహాలు చేసేవాళ్ళ దగ్గర మట్టి దొరుకుతుంది. పీఓపీ మోల్డు పూర్తిగా ఆరాక షెల్లాక్ రెండు పూతలు, వ్యాక్స్ పాలిష్, ఆపైన పీవీఏ (మోల్డు అంటకుండా విడిపించే ద్రవం). తడి మోల్డులో వేసిన జెల్‌కోటు (బయటికి కనిపించే మొదటి రెజిన్ పూత) జిగటగా మిగిలి మోల్డుతోనే ఊడొస్తుంది. జెల్‌కోటు అర మిల్లీమీటరు, తర్వాత మూడు పొరల మ్యాట్. శిఖ మూల, ముక్కు కొస లాంటి ఇరుకు చోట్ల మ్యాట్ వంగక గాలి బుడగ నిలుస్తుంది. అక్కడ ముందు రెజిన్‌లో టాల్క్ కలిపిన ముద్దతో మూల గుండ్రం చేసి తర్వాత మ్యాట్ వేయండి. ముద్ద 3 మి.మీ. దాటితే చిట్లుతుంది.

థర్మోకోల్ చెక్కి దాని మీదే ఫైబరు వేద్దామనుకునేవాళ్ళకు: పాలియెస్టర్ రెజిన్‌లోని స్టైరీన్ థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. పీయూ (పాలీయురెథేన్) ఫోమైతే కరగదు.

రెజిన్ ఐసోఫ్తాలిక్ రకం అడగండి, మామూలు జీపీ (జనరల్ పర్పస్) రెజిన్ కంటే ఉప్పుతడికి బాగా ఓరుస్తుంది. హార్బర్‌లో ఫైబర్ పడవలు కట్టే, బాగుచేసే వాళ్ళకు ఈ సరుకు ఎక్కడ దొరుకుతుందో బాగా తెలుసు. పొర వేసే చెయ్యి కూడా వాళ్ళదే మెరుగు, అలవాటు లేకపోతే ఒకర్ని పిలవండి. మొత్తానికి మ్యాట్ 6 కిలోలు, రెజిన్ 18 కిలోల చుట్టూ పడుతుంది. మ్యాట్ బరువుకు రెండున్నర రెట్లు రెజిన్, రెక్క గుడ్డ పీల్చేది, జెల్‌కోటు అందులోనే. రెజిన్ ఎక్కువ పోస్తే బలం రాదు, పెళుసవుతుంది. రోలరుతో బుడగలు తీయడం మీదే బలమంతా.

ఇక్కడి 32–35 డిగ్రీల వేడిలో హార్డ్‌నర్ కిలోకు 10 మి.లీ. చాలు. 20 పోస్తే బకెట్‌లోనే గట్టిపడి పొగలు వస్తుంది. ఒక్కసారికి అర కిలోకు మించి కలపవద్దు. కోబాల్ట్ యాక్సిలరేటరును ముందే రెజిన్‌లో బాగా కలిపి, తర్వాతే హార్డ్‌నర్ పోయాలి. ఆ రెండిటినీ నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ పోయకండి, పేలుతుంది. యాక్సిలరేటరు కలిపే అమ్ముతున్నారా అని కొట్లోనే అడిగేయండి. హార్డ్‌నర్ చుక్క కంట్లో పడితే చూపు పోతుంది, రక్షణ కళ్ళద్దాలు లేకుండా మూత తీయకండి. మాస్కు కార్బన్ కార్ట్రిడ్జ్ ఉన్నదే, గుడ్డ మాస్కు స్టైరీన్ ఆవిరిని ఆపదు. స్కూలు నడిచే రోజుల్లో ఆవరణలో ఈ పని అస్సలు వద్దు.

చివరి పూత రెజిన్‌లో వ్యాక్స్ ద్రావణం కలపాలి. లేకపోతే గాలి తగిలే పైభాగం జిగటగా మిగులుతుంది. ఆ వ్యాక్స్ మీద రంగు పట్టదు కాబట్టి 120, తర్వాత 220 నంబరు కాగితంతో మెరుపు పూర్తిగా పోయేదాకా రుద్దండి. ఎపాక్సీ ప్రైమరు, దానిపైన రెండు పూతల పీయూ పెయింటు. బయటి గోడల రంగు ఇక్కడ నిలవదు. టెరనోడాన్ ఒంటి రంగు ఎవరికీ తెలియదు, మీ ఇష్టం. సముద్ర పక్షుల్లో మామూలుగా కనిపించేలా పొట్ట తెలుపు, వీపు బూడిద రంగు వేస్తే నమ్మదగ్గట్టు ఉంటుంది. వీపు మరీ నల్లగా వేయకండి. ఎండకు కాలి, మ్యాట్ పోగులు రంగు కింద నుంచి తేలి కనిపిస్తాయి. టెరోసార్ల ఒంటి మీద పొట్టి నూగు ఉండేదని వేరే జాతుల శిలాజాల్లో కనిపించింది, కాబట్టి మెడ, వీపుల మీద మెత్తని నూగు గీతలు పెట్టవచ్చు. పొలుసులు పెట్టకండి.

మొండెం అడుగున, రెక్కల పల్లపు చోట 8 మి.మీ. బెజ్జాలు వదలండి. పూర్తిగా మూసేస్తే నీరు రాదనుకోవడం పొరపాటు. రాత్రి చల్లబడ్డప్పుడు లోపల పట్టిన చెమ్మ బయటికి పోయే దారి లేక అక్కడే నిలుస్తుంది.

బోర్డు గురించి కూడా అడిగారు. ఇది విశాఖలో తిరిగిందని రాయకండి. కైలాసగిరి, మిగతా కొండలు ఖోండలైట్ రాయి. అవి ఈ జంతువుల కంటే ఎంతో పాతవి, వేడికీ ఒత్తిడికీ మారిపోయిన శిలలు. ఎర్రమట్టి దిబ్బలేమో వీటికి చాలా తర్వాత ఏర్పడినవి. గోదావరి లోయలో ‘కోట’ అనే రాతి పొరల నుంచి ఒక దవడ ముక్కను 1974లో టెరోసార్‌దని వర్ణించారు కాని, అది నిజంగా టెరోసార్‌దేనా అని తర్వాత సందేహాలు వచ్చాయి. కోట పొరల్లో ఖాయంగా దొరికినది చూడాలంటే పిల్లల్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంకు తీసుకెళ్ళి కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం చూపించండి. మీ బోర్డు మీద టెరనోడాన్, కాన్సస్, 8.5 కోట్ల ఏళ్ళు, సగం సైజు అని రాస్తే చాలు.

నెలకోసారి మంచినీళ్ళతో కడగండి. 316 మీద కూడా గోధుమ రంగు మరకలు వస్తాయి, అవి పైపైవే. ఏటా వానాకాలానికి ముందు భుజం బోల్టులు, వెనక అంచు, చీలమండ దగ్గర వెంట్రుకవాసి పగుళ్ళు చూసుకోండి. పీయూ పూత నాలుగైదేళ్ళకు మళ్ళీ వేయాలి. తుఫాను హెచ్చరిక వచ్చిందంటే లెక్కలు నమ్ముకుని కూర్చోకుండా రెక్కలు విప్పి లోపల పెట్టేయండి. వైపుకు నాలుగు భుజం బోల్టులు, ఒక చీలమండ బోల్టు. ఇద్దరు మనుషులు, ఒక నిచ్చెన ఉంటే అయిపోతుంది. ఎం12 తలలు 18, 19 మి.మీ. రెండు కొలతల్లో వస్తాయి. మీరు కొన్నవాటికి సరిపోయే స్పానరు వాచ్‌మన్ గదిలో ఉంచి, ఏ రెక్క ఏ వైపుదో ఫ్లాంజి లోపల గుర్తు వేయించండి.